ఇనుప కంచె పక్కన ఎడమ మలుపు

భాగ్యరేఖ కుడి పిక్కకి ఇరవై రెండు కుట్లు వేస్తూ డాక్టరు అడిగింది ఒక్కటే ప్రశ్న, దెబ్బ ఎలా తగిలిందని. ఆమె నోరు తెరిచేలోగా పక్కనే నిలబడ్డ, ఆమె పనిచేసే క్లబ్బు మేనేజరు లక్ష్మీప్రసాద్, స్కూటీ మీంచి జారి పడిందని హిందీలో చెప్పేశాడు. డాక్టరు ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె తలూపింది. ఉతై రోడ్డు, స్కూటీ, వాన అని కాగితం మీద రాసుకున్నారు. ఆ రోజు భిలాయిలో చినుకు పడలేదు.

అసలు సంగతి జరిగింది ఉతై రోడ్డు పక్కనున్న గుర్రపు స్వారీ క్లబ్బులో. భాగ్యరేఖ అక్కడ పిల్లలకి స్వారీ నేర్పుతుంది. చాందినీ అనే తెల్ల ఆడగుర్రాన్ని ఎడమవైపు తిప్పి చూపిస్తూ ఉంటే, అది మలుపు తీసుకోకుండా తల పైకెత్తి తిన్నగా మైదానం చివరి మూలకి పోయింది. అక్కడ కంచె ఉంది. కర్ర కంచె కాదు. తుక్కు దుకాణంలో దొరికిన ఇనుప యాంగిళ్ళని గ్యాసు మంటతో కోసి, కోసిన అంచులు నున్నగా రుద్దకుండానే నేలలో పాతేశారు. ఆ మూలన రెండు యాంగిళ్ళు లోపలికి ఒరిగి ఉంటాయి. వాటిలో ఒకటి ఆమె పిక్కని మోకాలి కిందనుంచి మడమ దాకా చీల్చింది.

ఆమె ఎందుకు తలూపిందో అర్థం కావాలంటే క్లబ్బు రిజిస్టరు చూడాలి. పదకొండేళ్ళుగా పిల్లలకి జీను ఎక్కడం, పగ్గం పట్టడం, మలుపు తిప్పడం నేర్పుతున్నది ఆమె. గేటు దగ్గర బోర్డు మీద శిక్షకుడిగా ఉన్న పేరు ఎవరో రిటైరైన ఆఫీసరుది. ఆయన్ని పిల్లలు ఒక్కసారి కూడా చూడలేదు. రిజిస్టరులో భాగ్యరేఖ గుర్రాల శాల ఊడ్చే మనిషి. నేర్పుతుండగా దెబ్బ తగిలిందని రాస్తే, ఊడ్చే మనిషి గుర్రం ఎందుకెక్కిందని అడుగుతారు. సర్టిఫికెట్ లేదు కాబట్టి ముందు నీ పనే పోతుంది, అన్నాడు లక్ష్మీప్రసాద్ ఆసుపత్రికి వచ్చే దారిలోనే, ఆమె మేలు కోరినట్టు. భర్తకి జాముల్‌లో కాంట్రాక్టు పని, ఈ నెల ఉంటే వచ్చే నెల ఉండదు. కూతురు కాలేజీలో ఉంది. ఆమె నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది?

సర్టిఫికెట్ లేదు గాని ఆమెకి విద్య పుట్టుకతో వచ్చింది. తండ్రి జగ్గయ్య విజయనగరం వైపునుంచి భిలాయి ఉక్కు ప్లాంటు విస్తరణ పనుల్లో కూలిగా వచ్చాడు. పర్మనెంటు చెయ్యలేదు. ఇంటికి తిరిగిపోవడానికి మొహం చెల్లక ఒక గుర్రాన్నీ టాంగానీ కొనుక్కుని, పవర్‌హౌస్ స్టేషన్నుంచి క్యాంపు బస్తీలకి మనుషుల్ని మోశాడు. ఆటోలు వచ్చి టాంగాలు మూలపడేదాకా భాగ్యరేఖ బాల్యమంతా ఆ గుర్రం పక్కనే గడిచింది. జనం, సైకిళ్ళు, లారీల మధ్య పగ్గం వేలితో కదిపి గుర్రాన్ని ఎలా మళ్ళించాలో ఆమె అక్షరాలకంటే ముందు నేర్చుకుంది.

అందుకే ఆమె పాఠం వేరుగా ఉండేది. మొదటి రోజు గుర్రం ఉండదు. పిల్లల్ని ఇద్దరిద్దరిగా నిలబెట్టి, ఒకరి కళ్ళకి గుడ్డ కట్టి, వాళ్ళ చేతులకి తాడు రెండు కొసలూ ఇచ్చేది. కళ్ళు మూసుకున్నది గుర్రం, వెనక తాడు పట్టుకున్నది రౌతు. రౌతు ఒక్కసారి తాడు గుంజితే గుర్రమైన పిల్ల ఉలిక్కిపడి ఆగిపోయేది, లేదంటే ఎదురు లాగేది. మెల్లగా వేళ్ళు ముడిస్తే చాలు, ఆ పిల్ల తనంతట తనే తిరిగేది. తర్వాత ఇద్దరూ తారుమారయ్యేవారు. గుంజడం అంటే ఏమిటో చేతులకి తెలిశాకనే అసలు గుర్రం దగ్గరికి పంపేది.

ఆ పైన మైదానంలో ప్లాస్టిక్ శంకువులు పెట్టేది. ముందు రెండింటి మధ్యనుంచి తిన్నగా పోవడం, తర్వాత ఒకదాని చుట్టూ పెద్ద సున్నా చుట్టడం, తర్వాత వరసగా పెట్టిన నాలుగింటి మధ్య పాములా మెలికలు తిరగడం, చివరికి ఎనిమిది అంకె. ఏ మలుపుకైనా ఒకటే వరస చెప్పేది. ముందు చూపు తిరగాలి, తర్వాత భుజాలు, తర్వాత లోపలి చెయ్యి కొంచెం పక్కకి తెరుచుకోవాలి. బయటి చెయ్యి దానికి చోటివ్వాలి. బయటి కాలు గుర్రం పొట్టని తాకి, ఇటు పో అని చెప్పాలి.

దెబ్బ తగిలిన తర్వాత పాఠం అదే, మైదానం మాత్రం చిన్నదైంది. చివరి శంకువుని ఆమె కంచెకి పదిహేను అడుగుల ఇవతలే ఆపేసేది. మూలనున్న యాంగిళ్ళకి పాత లారీ టైర్లు తెచ్చి కట్టింది. అయినా గుర్రం ఎడమ మలుపు అందుకున్నప్పుడల్లా ఆమె కళ్ళు ఆ మూలకే పోయేవి. పెదాలు కదలకుండా అడుగులు లెక్కపెట్టుకునేది. పదిహేను, పన్నెండు, పది. గుర్రం తిరిగేదాకా లెక్క ఆపేది కాదు. పిల్లలు దీదీ నవ్వుతోందనుకునేవారు. బిగపట్టిన దవడ దూరంనుంచి నవ్వులాగే కనిపిస్తుంది.

భయానికి ఇంకో కారణం కూడా ఉంది. లగన్ల సీజనులో క్లబ్బు చాందినీని పెళ్ళి ఊరేగింపులకి అద్దెకిస్తుంది. బాజాల మధ్య బెదరకుండా ముళ్ళ కళ్ళెం వేసి, ఎడమ పక్కనుంచి ఒక మనిషి గంటలకొద్దీ లాగిపట్టి నడిపిస్తాడు. తిరిగొచ్చేసరికి దాని నోటి ఎడమ మూల పచ్చిపుండు. ఆ మీదట ఎవరు ఎడమ పగ్గం గట్టిగా లాగినా అది నొప్పికి తల ఎగరేసి ముందుకు పోతుంది. ఆ ముందు ఉన్నది కంచె.

ఈ సంగతులన్నీ తెలియకుండానే సెక్టర్ 4నుంచి అమ్ము వచ్చింది. పదకొండేళ్ళ పిల్ల. ఆదివారం ఆదివారం తాత గణపతిరావు స్కూటరు మీద తీసుకొచ్చేవాడు. ఆయన ప్లాంటులో ముప్ఫై నాలుగేళ్ళు ఓవర్‌హెడ్ క్రేను నడిపి రిటైరయ్యాడు. పిల్లకి భయం తక్కువ, చెయ్యి మెత్తన. తిన్నగా నడిపించడంలో ఆ పిల్లని మించినవాళ్ళు లేరు. మలుపు దగ్గరే వచ్చేది చిక్కు. రెండు పగ్గాలూ లాగి గుర్రాన్ని పూర్తిగా ఆపేసేది. అప్పుడు దాని చెవుల వైపు కన్నార్పకుండా చూస్తూ, ఒక పగ్గం గుంజేది. నిలబడ్డ గుర్రం ఎటు పోవాలో తోచక తల ఆడించేది. నాలుగు ఆదివారాలు చెప్పినా అదే వరస.

ఇది ఇంట్లో ఎవరో నేర్పిన తప్పని భాగ్యరేఖకి అనుమానం వచ్చింది. అడిగితే అమ్ము దాచలేదు. "తాతే చెప్పాడు దీదీ. మోసేదాని మీంచి నజర్ తియ్యకూడదంట. పెహలే రోకో, ఫిర్ ఘుమావో. ముందు ఆపు, తర్వాత తిప్పు అని."

గణపతిరావు నీడన కూర్చుని వేరుశనగకాయలు ఒలుచుకుంటున్నాడు. భాగ్యరేఖ వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"బాబాయిగారూ, మీ క్రేనుకి కళ్ళున్నాయేటి?"

"క్రేనుకి కళ్ళేటమ్మా. ఆపరేటరే దాని కళ్ళు."

"దీనికి రెండున్నాయి. దాని కాలి కింద అదే సూసుకుంటాది. మీ మనవరాలు ఎల్లాల్సిన చోటు సూస్తే చాలు. పిల్ల అటు సూస్తే నడుం తిరుగుతాది. నడుం తిరిగితే గుర్రానికి తెలిసిపోతాది."

ఆయన ఒలిచిన గింజ నోట్లో వేసుకోకుండా పక్కన పెట్టాడు. "అంటే నాను పిల్లకి గుర్రం కాదు, క్రేను నేర్పీసేనన్నమాట," అన్నాడు. తర్వాత నవ్వేశాడు. క్రేను మీద వంద టన్నుల కరిగిన ఉక్కు వేలాడుతుంటే ఊపు రాకుండా ముందాపి తర్వాతే తిప్పుతారు. సరుకు మీంచి చూపు తప్పితే కింద మనుషులు పోతారు. ముప్ఫై నాలుగేళ్ళ జాగ్రత్త అది. పిల్ల క్షేమం కోరే ఆయన మనవరాలిని ఇంట్లో సోఫా చేతి మీద కూర్చోబెట్టి మరీ నేర్పాడు.

ఆ వారంనుంచి నేర్పింది మాన్పించడం మొదలైంది. భాగ్యరేఖ శంకువు అవతల తనే నిలబడి వేళ్ళు చూపించేది. ఎన్ని వేళ్ళో అమ్ము గట్టిగా చెప్పాలి, గుర్రం ఆగకూడదు. చెవులు చూస్తే వేళ్ళు కనిపించవు. మూడు, అయిదు, రెండు అని అరుస్తూ ఆ పిల్ల తనకే తెలియకుండా తిరిగిపోయేది. కుడి మలుపు పక్షం రోజుల్లో వచ్చేసింది. ఎడమ మలుపు వచ్చీ రానట్టుండేది. చాందినీ తల ఎగరేస్తే అమ్ము చూపు మళ్ళీ కిందికి పడిపోయేది.

ఒకరోజు గణపతిరావు అడిగాడు. "ఆ మూలకి ఎల్తే నీ మొకం అలగైపోతాదేటమ్మా? ఏటుంది అక్కడ?"

చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు. లక్ష్మీప్రసాద్ ఆఫీసు కిటికీలోంచి చూస్తున్నాడు. "ఏం లేదు బాబాయిగారూ, ఎండ," అంది ఆమె.

ఫిబ్రవరిలో వార్షికోత్సవం. పిల్లల తల్లిదండ్రులు, పెద్ద మనుషులు వస్తారు. మైదానం నిండుగా కనిపించాలని, పిల్లలు ఈ కొసనుంచి ఆ కొసదాకా ఎనిమిది అంకె చుట్టాలని, పక్కన ఎవరూ తాడు పట్టుకోకూడదని లక్ష్మీప్రసాద్ తేల్చి చెప్పాడు. రెండు రోజుల ముందు టైర్లు విప్పించేశాడు, చూడ్డానికి బాగోలేవని. కంచెకి తెల్ల రంగు వేయించాడు. దూరంనుంచి ఇప్పుడది సినిమాల్లో కనిపించే కర్ర కంచెలా ముచ్చటగా ఉంది. దగ్గరికి పోతే ఆ కోసిన అంచులు రంగు కింద అలాగే ఉన్నాయి, ఇంకాస్త కనబడకుండా.

భాగ్యరేఖ ఆఫీసులోకి వెళ్ళింది. టైర్లు మళ్ళీ కట్టించమని, లేకపోతే చివరి శంకువు ఇవతలికి జరపనివ్వమని, కనీసం చాందినీని ఆ రోజుకి మానిపించమని అడిగింది. లక్ష్మీప్రసాద్ కోప్పడలేదు. సొరుగులోంచి ఒక ఫైలు తీసి తిప్పాడు.

"ఈ కంచె వల్ల ఎవరికైనా దెబ్బ తగిలినట్టు ఎక్కడుంది రేఖా? చూపించు."

ఆమె తన కుడి కాలు చూపించింది.

"నీది స్కూటీ యాక్సిడెంటు. నువ్వే చెప్పావు, డాక్టరు రాశాడు. మన రికార్డులో పదకొండేళ్ళుగా ఒక్క ప్రమాదం లేదు. లేని భయం పిల్లల్లో పెట్టకు."

అప్పుడు అర్థమైంది ఆమెకి. ఆ రోజు తలూపి తన నోరు మాత్రమే మూసుకున్నాననుకుంది. ఆ ఒక్క తలూపు ఈ కంచెకి మంచిదని ముద్ర వేసి ఇచ్చింది. ఆమె కాలు తెగడం ఎక్కడా జరగలేదు కాబట్టి పిల్లల కాళ్ళు తెగే అవకాశమూ లేదు. పనివాళ్ళ గాయాల్ని కాగితాల మీద వేరే పేరుతో రాయించే ప్రతి మేనేజరుకీ ఈ లెక్క తెలుసు. తెలియనిది రాయించుకున్నవాళ్ళకే.

ఉత్సవం ఆదివారం ఉదయం. భాగ్యరేఖ అందరికంటే ముందు వచ్చి చివరి శంకువుని పది అడుగులు లోపలికి జరిపింది. చాందినీ నోటి మూలకి పసుపూ నెయ్యీ రాసింది. లగన్లనుంచి వచ్చి మూడు రోజులే అయింది, పుండు మానలేదు. జనం కుర్చీల్లో సర్దుకునే వేళకి చూస్తే శంకువు మళ్ళీ కంచె దగ్గరే ఉంది. ఎవరు జరిపారో అడగనవసరం లేదు.

భాగ్యరేఖ పిల్లలకి హెల్మెట్లు బిగిస్తుంటే బకిలు రెండుసార్లు జారింది. అమ్ము అడిగింది, దీదీ నీకు జ్వరమా అని. లేదంది. ఎక్కొద్దని చెప్పడానికి ఆ ఒక్క క్షణమే ఉంది. జీను మీద పిల్ల, ఎదురుగా కుర్చీల్లో కొత్త చొక్కా వేసుకున్న తాత, ఆఫీసు గుమ్మంలో లక్ష్మీప్రసాద్. భాగ్యరేఖ ఆ క్షణాన్ని పోనిచ్చింది. తర్వాత ఎవరు ఎన్ని చెప్పినా, ఆ సంగతికి ఆమె తనని తాను క్షమించుకోలేదు.

మొదటి ఇద్దరు పిల్లలు ముసలి గుర్రం మీద ముగించారు. అమ్ము మూడోది. కుడి సున్నా చక్కగా వచ్చింది, చూపు దూరంగా, భుజాలు తేలిగ్గా. చప్పట్లు పడ్డాయి. చప్పట్లు విని, ముగింపుకని పిలిపించి రోడ్డు పక్కన నిలబెట్టిన, పెళ్ళి ఊరేగింపుల్లో వాయించే ధుమాల్ డోలువాళ్ళు తమ వంతనుకుని ఒక్కసారిగా వాయించడం మొదలెట్టారు.

చాందినీ చెవులు వెనక్కి పోయాయి. ఆ చప్పుడు దానికి తెలుసు, ఆ చప్పుడుతో వచ్చే ముళ్ళూ తెలుసు. అమ్ము ఎడమ పగ్గం లాగింది. గుర్రం తల ఎగరేసి పరుగు లాంటి నడక అందుకుంది. పిల్ల రెండు పగ్గాలూ గుంజింది. చూపు గుర్రం చెవుల మీదికి పడిపోయింది.

పదిహేను. పన్నెండు.

భాగ్యరేఖ గుర్రానికి ఎదురు పోలేదు. పోతే అది ఇంకా బెదిరి కంచె మీద పడుతుందని తెలుసు. మైదానం లోపలికి, ఎడమవైపు ఖాళీలోకి కుంటుతూ పరిగెత్తి చెయ్యి పైకెత్తింది. "అమ్మూ, ఎన్ని వేళ్ళు? ఇటు సూసి సెప్పు."

పిల్ల వినలేదు. ఎనిమిది అడుగులు.

"ఎన్ని వేళ్ళే?"

హెల్మెట్ కదిలింది. ముందు గడ్డం, తర్వాత కళ్ళు, తర్వాత ఎడమ భుజం. "నాలుగు" అంది అమ్ము, చేతుల్లో బిగుతు వదిలి. నోటి మీద లాగుడు తగ్గగానే చాందినీ తల దించింది, దించి పక్కకి తిరిగింది. తిరిగింది గాని చోటు చాల్లేదు. బట్ట చినిగినట్టు ఒక చప్పుడు వినిపించింది. గుర్రం ఇవతలికి వచ్చి మూడడుగులు నడిచి ఆగింది.

అమ్ము కుడి బూటు మోకాలి దగ్గరనుంచి చీలమండ దాకా కత్తితో కోసినట్టు తెరుచుకుంది. లోపల చర్మం మీద సన్నని ఎర్రగీత. అంతే. తోలు ఆ మందాన లేకపోతే ఏమయ్యేదో భాగ్యరేఖకి తప్ప అక్కడ ఎవరికీ తెలియదు.

జనం చప్పట్లు కొట్టారు. అది కూడా ప్రదర్శనే అనుకున్నారు.

లక్ష్మీప్రసాద్ మైకులో నాలుగో పిల్ల పేరు పిలిచాడు. ఆ పిల్ల గుర్రం ఎక్కే ఉంది. భాగ్యరేఖ వెళ్ళి మైదానం గేటుకి అడ్డంగా నిలబడి చెయ్యెత్తింది. పక్కకి తప్పుకోమన్నాడు. తప్పుకోలేదు. రేపటినుంచి రానక్కర్లేదన్నాడు, మైకు నోటికి దూరంగా పట్టుకుని.

"రాను సార్. ఈ పిల్ల మాత్రం లోపలికి ఎల్లదు. నాను స్కూటీ మీంచి పడలేదు. ఆ మూలే నా కాలు కోసీసింది. మీరు అబద్ధం సెప్పారు, నాను తలూపీసేను."

పెద్దగా అనలేదు. ముందు వరసవాళ్ళకి వినిపించేంత అంది. లక్ష్మీప్రసాద్ నవ్వుతూ జనం వైపు తిరిగి, శాల ఊడ్చే మనిషి కదా, కంగారుపడుతోంది, అన్నాడు.

మనవరాలిని గుర్రం మీంచి దించుకున్న గణపతిరావు అప్పటికే చిరిగిన బూటు చేత్తో పట్టుకుని కంచె దాకా వెళ్ళి వచ్చాడు. ఆయన అరచేతిలో తెల్ల రంగూ, చిన్న నెత్తుటి చుక్కా ఉన్నాయి. వచ్చి మేనేజరుకి ఎదురుగా నిలబడ్డాడు.

"మా ప్లాంటు షాపులో క్రేను నడిపించమని సైగ సెయ్యీవోడు ఒక్కడే ఉంటాడు బాబూ. ఆపమని మాత్రం ఎవుడైనా సెయ్యెత్తొచ్చు. ఊడ్సీవోడు ఎత్తినా ఆపీవాల్సిందే. ఈయమ్మ సెయ్యెత్తింది. ఆపు."

ఒక తల్లి లేచి తన పిల్లని దించుకుంది. తర్వాత ఇంకొకరు. పావుగంటలో కుర్చీలు ఖాళీ అయ్యాయి. డోలువాళ్ళు మాత్రం ఏం జరిగిందో తెలియక కాసేపు వాయించారు.

ఇక్కడితో అంతా మంచే జరిగిందని రాయగలిగితే బాగుండేది. భాగ్యరేఖ పని పోయింది. ఏడుగురు తల్లిదండ్రులు కలిసి కలెక్టరాఫీసులో ఫిర్యాదు ఇచ్చారు. విచారణలో క్లబ్బు చూపించింది ఆ ఆసుపత్రి కాగితమే. అందులో ఉన్నది అబద్ధమని, ఆ అబద్ధంలో తనకీ భాగం ఉందని భాగ్యరేఖ సంతకం చేసి రాసిచ్చింది. దాని వల్ల తన మీదికే ఏం వస్తుందోనని, గుమ్మం దగ్గర చప్పుడైతే ఇప్పటికీ ఉలిక్కిపడుతుంది. మూలన టైర్లు మళ్ళీ కట్టారు. కంచె అలాగే ఉంది. చాందినీ ఈ సీజనులోనూ ఊరేగింపులకి పోతోంది. కొత్తగా నీలిమ అనే అమ్మాయిని పెట్టుకున్నారు, రిజిస్టరులో ఆమె కూడా ఊడ్చే మనిషే. ఆ అమ్మాయి ఒక మధ్యాహ్నం ఫోను చేసి, అక్కా, ఎడమ మలుపు దగ్గర నాకెందుకో దడగా ఉంటోంది, అంది. భాగ్యరేఖ ఈసారి ఎండ అని చెప్పలేదు. మొత్తం చెప్పింది.

మీ పిల్లల్ని స్వారీకో, ఈతకో, ఇంకే ఆటకో పంపేవాళ్ళకి ఒక మనవి. ఫీజు కట్టే ముందు ఆ మైదానం చుట్టూ ఒకసారి నడవండి, కంచెని చేత్తో తడిమి చూడండి. నేర్పే మనిషిని మేనేజరు లేనప్పుడు పక్కకి పిలిచి, మీకు ఇక్కడ ఎప్పుడైనా దెబ్బ తగిలిందా, కాగితం మీద ఏమని రాయించారు, మీ పేరు రిజిస్టరులో ఏ పనికి ఉంది అని అడగండి. ఆమె తల వంచుకుంటే అదే జవాబు. అప్పుడు మీ పిల్లని దించుకుని ఇంటికి పోయి ఊరుకోకండి. ఫిర్యాదు మీ పేరుతో, మీ సంతకంతో రాయండి. మీకు పోయే ఉద్యోగం అక్కడ లేదు. ఆమెకి ఉంది.